ఎవరితోనూ గొడవపడని మనిషి

“టీచర్, ఆదివారం సాయంత్రం బాబాయ్ గారి సంతాపసభ. మీరు తప్పకుండా రావాలి. ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పాలి” అని రమేష్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు మా వార్డు యువజన సంఘానికి పెద్ద. వస్తానన్నాను.

రెండు మంచి మాటలు నా దగ్గర ఉన్నాయి. తర్వాత నాకు అడ్డం రాకుండా వాటిని ముందే చెప్పేస్తాను. ఒకటి, ఆయన లంచం పుచ్చుకోలేదు. అన్నేళ్లు కార్పొరేటరుగా ఉండి కూడా వాళ్ల నాన్న కట్టిన రెండు గదుల డాబాలోనే పోయాడు. రెండోది, ఆయనకి మనుషులు గుర్తుండేవాళ్లు. ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి పిల్ల లెక్కల్లో తప్పింది, ఎవరి అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది, అన్నీ తెలుసు. మర్చిపోయినట్టు నటించడం గానీ, గుర్తున్నట్టు నటించడం గానీ లేదు. నిజంగానే గుర్తుండేవి.

అయిపోయాయి.

మా వీధి పటమట నుంచి కాలువ వైపు దిగే సందుల్లో ఒకటి. ఆటోలు నడిపేవాళ్లు, బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు, నర్సులు, టిఫిను బండ్లవాళ్లు, మాలాంటి చిన్న ఉద్యోగస్తులు ఉంటారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే ఆయన ఇక్కడ కార్పొరేటరు. నేను బడి నుంచి రిటైరయ్యేనాటికీ ఆయనే. మధ్యలో ఒకసారి వార్డు మహిళలకి రిజర్వయితే ఆయన భార్య నిలబడింది. అప్పుడు సంతకాలు ఆవిడవి, స్కూటరు ఈయనది. పార్టీ మూడుసార్లు మారాడు. ఎవరైనా అడిగితే, “తువ్వాలు మారింది గానీ భుజం అదే కదమ్మా” అని భుజం తట్టి చూపించేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, మొదటిసారి.

వార్డంతటికీ ఆయన బాబాయే. ఎనభయ్యేళ్ల ముసలామె కూడా “బాబాయ్ వచ్చాడా?” అనే అడిగేది. పొద్దున్నే ఆ పాత స్కూటరు సందులోకి వచ్చేది. ఇంజను ఆపేవాడు కాదు. ఆపితే మళ్లీ స్టార్టవదని ఒక కాలు నేలమీద పెట్టి, అలా గుడగుడలాడిస్తూనే పలకరించేవాడు. ఇంట్లోకి వస్తే మాత్రం ఎంత పేద ఇల్లయినా గుమ్మం బయటే చెప్పులు విడిచేవాడు. కుర్చీ ఇవ్వబోతే వద్దని చాప మీద కూర్చునేవాడు. ముందు మంచినీళ్లు అడిగి తాగి, “అమృతంలా ఉన్నాయి తల్లీ” అనేవాడు. ఆ తర్వాత మన కష్టం వినేవాడు. తల పక్కకి వంచి, కళ్లు సగం మూసి, మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వినేవాడు. అంత బాగా వినేవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

అంతా విన్నాక గుండె మీద చెయ్యి వేసుకుని ఒకటే మాట. “నా చేతిలో ఉందా తల్లీ? నా మనసులో ఉంది.”

మా ఆడపడుచు కరుణ ఆ మాటని ఆయనలాగే అనేది. మా ఆయన చెల్లెలు. నేను పెళ్లయి వచ్చేసరికి రెండు జడలు వేసుకుని తిరిగే పిల్ల. చిన్నప్పుడు ఆయన స్కూటరు ముందు నిలబడి సందు చివరిదాకా వెళ్లొచ్చేది. బడిలో పరుగుపందెంలో గెలిస్తే ప్రైజు ఇచ్చింది ఆయనే. నేను “గిన్నెలు కడగవే” అంటే తల పక్కకి వంచి, గుండె మీద చెయ్యి వేసుకుని, “నా చేతిలో ఉందా వదినా? నా మనసులో ఉంది” అనేది. ఒకసారి ఆయన ఎదుటే చేసి చూపించింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఇంకోసారి చెయ్యమని అడిగి మరీ చేయించుకున్నాడు.

మా వీధికి మంచినీళ్ల పైపు అప్పట్లో మురుక్కాలవలోంచే వచ్చేది. వేరే దారిలో వెయ్యడానికి చోటు లేదని ఎప్పుడో అలా వేసేశారట. కొన్నాళ్లకి పైపు తుప్పుపట్టింది. ఎండాకాలం పంపు తిప్పితే ముందు కాసేపు పచ్చటి నీళ్లు వచ్చేవి, వాసనతో. తర్వాత తెల్లబడేవి. ఆ తెల్లబడినవే గుడ్డతో వడగట్టి తాగేవాళ్లం. అప్పటికింకా మా సందులోకి వాటర్ టిన్నుల ఆటోలు రావడం లేదు. ఆయనకి చెప్పాం. అందరం కలిసీ చెప్పాం, విడివిడిగానూ చెప్పాం. తల వంచి విన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

కరుణని మంగళగిరి ఇచ్చాం. అల్లుడు అక్కడ చేనేత చీరల కొట్లో పనిచేసేవాడు. మంచి పిల్లాడు. ఏడో నెలలో కరుణని పురిటికి తీసుకొచ్చాం. వచ్చిన రోజు నుంచీ మావిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటూ, పుట్టేది ఆడపిల్లయితే ఏం పేరు పెట్టాలి అని నన్ను చంపేసేది. ఒకరోజు పొద్దున్న అద్దం ముందు నిలబడి, “వదినా, నా కళ్లు చూడు, పసుపు రాసినట్టు లేవూ?” అంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ కళ్లు చూసి, పొట్ట చూసి, నావైపు తిరిగి, “మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ చీటీ మీద రాసుకుంది. “ఇవి నీళ్ల వల్ల వచ్చే కామెర్లు. మామూలు వాళ్లకైతే తగ్గిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకి...” అని ఆపేసింది. వారం తిరక్కుండా ముందు బిడ్డ పోయింది. ఆ సాయంత్రమే కరుణ కూడా. పుట్టింటికి వచ్చి, పుట్టింటి నీళ్లు తాగి పోయింది.

ఆయన అందరికంటే ముందు వచ్చాడు. శవపెట్టె లేపేటప్పుడు ముందు వైపు కుడి భుజం ఆయనదే. సమాధుల తోట దాకా ఎవరికీ మార్చలేదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే తడిమట్టిలో అలాగే కూలబడి, “నా స్కూటరు మీద తిరిగిన పిల్లరా” అని పెద్దగా ఏడ్చాడు. మా ఆయన తన ఏడుపు ఆపుకుని ఆయన్ని లేపాల్సి వచ్చింది.

ఆ ఏడుపు అబద్ధం కాదు. అబద్ధమే అయితే నాకింత కోపం ఉండేది కాదు. దొంగ ఏడుపు ఏడ్చేవాణ్ని ఒక తిట్టు తిట్టి మర్చిపోతాం. ఈయన్ని తిట్టడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాలేదు. మా ఇంట్లోవాళ్లకి కూడా.

కరుణ జ్ఞాపకార్థ కూడిక అయ్యాక కమ్యూనిటీ హాల్లో వార్డు సభ పెట్టారు. మున్సిపల్ ఇంజినీరు వచ్చాడు. చిన్నవాడే, ఇస్త్రీ చొక్కా. స్టేజి మీద ఆయన పక్కన బాబాయ్ గారు. ఇంజినీరు మైకు తీసుకుని, ఈ వీధి నీటిలో ఎలాంటి లోపమూ లేదని, ప్రజలు ఇళ్లల్లో పాత్రలు శుభ్రంగా ఉంచుకోవాలని చెప్పాడు.

నేను లేచాను. ఆ పొద్దున్నే మా పంపులో పట్టిన నీళ్లు గాజు గ్లాసులో తీసుకెళ్లాను. స్టేజి ఎక్కి ఆ గ్లాసు ఇంజినీరు ముందు బల్ల మీద పెట్టాను. “మా పంపునీళ్లు సార్. లోపం లేదన్నారు కదా, తాగండి” అన్నాను.

ఇంజినీరు మొహం మాడిపోయింది. గ్లాసు వైపు చూస్తున్నాడు, నావైపు చూడటంలేదు. ఇంకొక్క నిమిషం అలా వదిలేసి ఉంటే ఆ మనిషి నోటి నుంచి నిజం వచ్చేది. పైపు పాడైందనో, మారుస్తామనో, కనీసం తాగలేననో అనేవాడు. ఆ నిమిషం కోసమే నేను స్టేజి ఎక్కాను.

బాబాయ్ గారు చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాడు. “మా టీచరమ్మ బాధలో ఉంది. నా జనం తాగే నీళ్లు నేను తాగనా?” అని గటగటా తాగేశాడు. చివరి చుక్కదాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించాడు.

చప్పట్లు. వెనకనుంచి ఈలలు కూడా. నా పక్కింటి మామ్మగారు కళ్లు తుడుచుకుంది. ఇంజినీరు ఊపిరి పీల్చుకుని మైకు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. సభ అయిపోయింది. అక్కడ మురికినీళ్లతో చచ్చిపోయిన పిల్ల గురించి అడగడానికి నేను నిలబడితే, ఆయన కాపాడింది ఎవర్ని? ఆ ఇంజినీర్ని. తనకి పేరు కూడా సరిగ్గా తెలియని మనిషిని, ఎదురుగా ఇబ్బంది పడుతున్నాడని కాపాడాడు.

మర్నాడు పొద్దున్న స్కూటరు సందులోకి వచ్చింది. ఇంటింటి ముందూ ఆపి, “చూడమ్మా, రాయిలా ఉన్నాను. భయపడకండి” అని చెప్పుకుంటూ వెళ్లాడు. ఆయనకేమీ కాలేదు. ఆ తర్వాత మేం మున్సిపల్ ఆఫీసుకి ఎప్పుడు వెళ్లినా ఒకటే జవాబు: “మీ కార్పొరేటరే తాగారు కదండీ!”

మరుసటి ఎండాకాలం మా సందులో మళ్లీ కామెర్లు వచ్చాయి. ఈసారి ఆడవాళ్లం బిందెలు పట్టుకుని బందరు రోడ్డు మీద కూర్చున్నాం. బస్సులు ఆగిపోయాయి. టీవీవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే ఆయన వచ్చి, చెప్పులు విడిచి, ఆ ఎండలో మా మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“మీరిక్కడ కూర్చుంటారేంటి బాబాయ్ గారూ? మీరు అడగాల్సింది కౌన్సిల్లో” అన్నాను.

“నా జనం ఎక్కడుంటే నేనక్కడే తల్లీ” అన్నాడు. మళ్లీ చప్పట్లు. టీవీలో ఆయన మొహమే వచ్చింది. రోడ్డు ఆగింది కాబట్టి పైవాళ్లు కదిలారు, కొత్త పైపు పడింది. సందు మొదట్లో శిలాఫలకం మీద పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇలా ఆయన మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ఇంకోసారి కూడా.

చివరికి ఒంట్లో బాగోక పదవి వదిలేశాక, ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. స్కూటరు లేదు, నడిచే వచ్చాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. నేనొక్కదాన్నే ఉన్నాను. చాప మీద కూర్చోలేక కుర్చీలో కూర్చున్నాడు.

“నువ్వొక్కదానివే ఈ వార్డులో నాతో సరిగ్గా మాట్లాడవు. నాకు నిద్రపట్టదమ్మా అది తలుచుకుంటే” అన్నాడు.

నేను లేచి లైటు వేశాను.

“మీ మతంలో క్షమించడమే పెద్ద సంగతంటారు కదా.”

ఒళ్లు మండిపోయింది. “క్షమించాలంటే మీరేం చేశారో ముందు మీ నోటితో చెప్పాలి బాబాయ్ గారూ. మా మతంలో అదీ ఉంది” అన్నాను.

నేల వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. “ఆ పైపు సంగతి నేను కౌన్సిల్లో ఎప్పుడూ ఎత్తలేదమ్మా.”

నాకు అర్థం కాలేదు. “అడిగితే కాదన్నారా?”

“అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. కరుణ పోయిన ఏడు కూడా.”

“ఎందుకు?”

“ముందొక కమిషనరు గారు ఉండేవారు, ఆయనకి కోపమెక్కువ. తర్వాతాయన కొత్తగా వచ్చారు, రాగానే గొడవెందుకని ఊరుకున్నాను. మన పార్టీ పైకొచ్చాక మనవాళ్లనే మనం నిలదీస్తే బాగోదని...” అని చేతులు చూసుకున్నాడు. “అడిగితే వేసేవాళ్లేమో. నేను ఎవరితోనూ గొడవ పెట్టుకోలేనమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరైనా నావంక చిరాగ్గా చూస్తే నాకు అన్నం సయించదు.”

నేను ఇన్నేళ్లూ ఏమేమో అనుకున్నాను. పైన ఎవరో అడ్డుపడ్డారనుకున్నాను. నిధుల్లేవనుకున్నాను. బెదిరించి ఉంటారనీ అనుకున్నాను. అవేవీ కావు. ఎవరో ఒక అధికారి మొహం చిట్లిస్తాడని ఈయన ఒక వాక్యం పలకలేదు. మా దగ్గర మాత్రం ఆ చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. ఓట్లేసి మేం ఆయన్ని పంపించిందే మా తరఫున గొడవపడమని. గొడవపడటమే ఆయన ఉద్యోగం. అది చెయ్యలేని మనిషి ఇంకో కొట్టో, పొలమో చూసుకోవచ్చు. ఆ కుర్చీ వదిలి ఉంటే, మొహమాటం లేని వాడెవడో వచ్చి కూర్చునేవాడు.

“ఈ మాట సభ పెట్టి అందరి ముందూ చెప్తారా?” అని అడిగాను.

ఆయన భయంగా చూశాడు. “ఇప్పుడెందుకమ్మా? అందరి మనసూ కష్టపెట్టడం తప్ప.”

“అయితే మీరు వెళ్లండి బాబాయ్ గారూ” అన్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక గుమ్మంలోకి వచ్చిన మనిషిని వెళ్లమనడం అదే మొదలు. లేచాడు. గేటు దగ్గర ఆగి, “కోపం పెట్టుకోకు తల్లీ” అన్నాడు. నేను తలుపు వేసేశాను. మళ్లీ ఆయన్ని చూడలేదు.

ఆదివారం సభకి వెళ్లాను. హాలు నిండిపోయింది. పూలదండ వేసిన ఫోటో, ముందు వరసలో ఆయన భార్య. ఒక్కొక్కరూ లేచి, మా నాన్నని మోశాడు, మా అత్తని మోశాడు అని చెప్పి ఏడుస్తున్నారు. ఎమ్మెల్యే తరఫున వచ్చినాయన, మన వీధికి ఆయన పేరు పెడదామన్నాడు. తర్వాత రమేష్ నా పేరు పిలిచాడు.

“ఆయన మా కరుణ పెట్టె మోశాడు” అన్నాను. “చివరిదాకా భుజం మార్చకుండా మోశాడు. కానీ ఆ పెట్టె మోసే అవసరం రాకుండా చూడటం ఆయన పని. ఆ పని చెయ్యలేదు. పైపు సంగతి కౌన్సిల్లో ఒక్కసారి కూడా అడగలేదు. ఇది నేను అనుకుంటున్నది కాదు. మా ఇంట్లో కూర్చుని ఆయనే నాతో చెప్పాడు. మీ అందరికీ చెప్పమంటే చెప్పలేకపోయాడు, అందుకని నేను చెప్తున్నాను. ఈ వీధికి ఆయన పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను.”

గొడవ లేచింది. “పోయిన మనిషి గురించా టీచర్?” అని ఒకరు, “దింపండి ఆవిణ్ని” అని ఇంకొకరు. రమేష్ మైకు కోసం చెయ్యి చాపాడు.

“మాట్లాడనివ్వండి” అంది ఆయన భార్య. ఆ గొంతు నేనెప్పుడూ పదిమందిలో వినలేదు. ఆవిడే కార్పొరేటరుగా ఉన్న రోజుల్లో కూడా వినలేదు. ఆవిడ కూర్చున్నచోటు నుంచి లేవకుండానే అంది, “ఆ మాట నిజం. ఇంట్లోనూ అంతే. నా కూతుర్ని అత్తారింట్లో కొడుతున్నారంటే వెళ్లి అడగలేదు. వియ్యంకుడితో మాటొస్తుందని. నేను బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను.” కొంగు సర్దుకుని, “వీధి పేరు ఉన్నదే ఉండనివ్వండి” అంది.

ఇంక ఎవరూ అరవలేదు. నేను మైకు బల్ల మీద పెట్టి దిగాను. కిందికి రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. సభ అయ్యేదాకా వదల్లేదు.

బయటికి వస్తుంటే కొత్త కార్పొరేటరు ఎదురొచ్చాడు. కుర్రవాడు, మంచి నవ్వు. “చాలా ధైర్యంగా మాట్లాడారు మేడమ్. మీలాంటి పెద్దలు మాకు కావాలి. ఏ అవసరమొచ్చినా చెప్పండి” అని దండం పెట్టాడు.

“పార్కు పక్కన నీళ్ల ట్యాంకు కడిగించి ఎన్నాళ్లయింది? మూత విరిగిపోయి ఉంది” అన్నాను.

“చూద్దాం మేడమ్.”

“చూద్దాం కాదు, ఎప్పుడు?”

అటూ ఇటూ చూసి, “ఎల్లుండి” అన్నాడు.

ఆ ఎల్లుండి పొద్దున్నే వెళ్లి ట్యాంకు కింద నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తేదాకా చేశాను. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. వాళ్లు నిచ్చెనెక్కి లోపల దిగారు. నల్లటి నీళ్లు గొట్టంలోంచి బయటికి పడుతుంటే ఆ కుర్రవాడు ముక్కుకి జేబురుమాలు పెట్టుకున్నాడు.

“చేయిస్తున్నాం కదా మేడమ్, ఇంకా అంత కోపమెందుకు?” అన్నాడు.

“కరుణ కోసం” అన్నాను.

“కరుణ ఎవరండీ?”

ఆ అబ్బాయిని పార్కు గట్టు మీద కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.